నడిమి అర మీద పెట్టిన చెయ్యి

ఈ సంగతి మీద నేను ఇప్పటికి పదకొండు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. జవాబు రాలేదంటే కొందరు నమ్మరు. ఏదో ఒకటి వచ్చే ఉంటుంది, నువ్వే సరిగా చూసుకోలేదంటారు. వచ్చినవేమిటో చెబుతాను. ఒకసారి ఫోనుకి, మీ సూచనకు ధన్యవాదాలు అని ఇంగ్లీషులో సందేశం వచ్చింది. నేను పంపింది సూచన కాదు, ఫిర్యాదు. ఇంకోసారి భువనేశ్వర్ నుంచి ఒకమ్మాయి ఫోను చేసి, మా సేవకు ఐదుకి ఎన్ని మార్కులు వేస్తారని అడిగింది. ఏ సేవకమ్మా అన్నాను. లైను కట్టయిపోయింది. మా బజారు వర్తకుల సంఘంలో కాగితం ఇస్తే, అధ్యక్షుడు దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలి కింద దూర్చాడు. నా కళ్ళ ముందే. ఆ బల్ల ఈ రోజుకీ ఊగడం లేదు.

అందుచేత ఈసారి ఉత్తరం రాయడం లేదు. జరిగింది జరిగినట్టు మొదటినుంచీ రాస్తున్నాను. చదివినవాళ్ళలో ఒక్కరైనా నా ప్రశ్నకు బదులు చెప్పకపోతారా అని ఆశ.

మాది బరంపురంలో పెద్ద బజారు వెనక సందు. తాత కాలంలో అది బట్టల కొట్టు. నాన్న కాలంలోనూ అదే. గోడ పొడుగునా మూడు వరసల టేకు అరలు. బట్టల తాన్లు పడుకోబెట్టడానికి చేయించినవి కాబట్టి లోతు ఎక్కువ. నేను బట్టలు తీసేసి కంప్యూటర్లు పెట్టినప్పుడు, అరలు మార్పించమని అందరూ చెప్పారు. నేను మార్చలేదు. లాప్‌టాప్ పెడితే వెనక మూర జాగా ఖాళీగా ఉండిపోతుంది. అందులో అట్టపెట్టెలు పేర్చి, యంత్రాన్ని అంచుదాకా ముందుకు జరిపేవాణ్ణి.

నాన్న దగ్గర ఒక పద్ధతి ఉండేది. నడిమి అరలో, కుడి చివర, ఎర్రంచు ముతక గుడ్డ తాను ఒకటి ఎప్పుడూ ఉండేది. దాన్ని కొనే కుటుంబం ఒక్కటే. ఏడాదికి ఒకసారి వచ్చేవారు. మంచి జాగా ఎందుకు పాడుచేసుకుంటారు, లోపల పెట్టి అడిగినప్పుడు తీద్దామని నేను అంటే నాన్న ఒప్పుకోలేదు. "అడిగేవోడు ఒక్కడున్నా సరుకు కంటికి కనబడాలిరా. లోపల దాసి ఉందన్నా, లేదన్నా ఒకటే" అనేవారు. ఆయన చెప్పిన మాటల్లో నేను చాలా వాటిని లెక్కచెయ్యలేదు. దీన్ని మాత్రం పట్టుకున్నాను.

నడిమి అర గురించి ఇంకొంచెం చెప్పాలి. మా కొట్టుకి మూడు మెట్లు. మూడో మెట్టు ఎక్కిన మనిషి కన్ను సూటిగా నడిమి వరస మీద పడుతుంది. పై వరస చూడాలంటే మెడ ఎత్తాలి. కింది వరస చూడాలంటే వంగాలి. బేరానికి వచ్చినవాడు మెడ ఎత్తడు, నడుం వంచడు. మా ఆవిడది గంజాం. వాళ్ళింట్లో చేప ముట్టరు గాని, ఋషికుల్య నది ఒడ్డున చేపల బేరాలు చూస్తూ పెరిగింది. "మా ఊళ్ళో బుట్టలో పైన ఏ సేప ఉంటే అదే అమ్ముడవుతాది. కిందది మంచిదే అని అమ్మేవోడికి తప్ప ఎవులికీ తెలీదు" అంటుంది. పెద్ద కంపెనీలకు కూడా ఈ సంగతి తెలుసని నాకు ఆలస్యంగా తెలిసింది.

కంప్యూటరు కొనేవాళ్ళు పెట్టెను చూస్తారు, రంగు చూస్తారు. పెట్టెను నడిపించేది లోపలుండే ఆపరేటింగ్ సిస్టం. దాని గురించి ఎవరూ అడగరు. లోకంలో ఎక్కువ పెట్టెల్లో వచ్చేది ఒకే ఒక పెద్ద కంపెనీ సిస్టం. జనానికి కంప్యూటరంటే అదే. రెండోది ఎవరి సొత్తూ కానిది. ఎక్కడెక్కడి మనుషులో కలిసి తయారుచేసి, ఎవరైనా వాడుకోండని వదిలేసింది. ఒక కంప్యూటరు పత్రికతో పాటు సీడీగా అది నా చేతికొచ్చింది. దాన్ని ఎక్కించడానికి నాకు వారం పట్టింది. ఎనిమిదో రోజు తెర మీద తెలుగులో అక్షరాలు కనిపించాయి. నేను చదివింది ఒడియా బడిలో. తెలుగు నేర్చుకున్నది ఇంట్లో, శుభలేఖల మీదా, పూజ పుస్తకాల్లోనూ. మా సందులో కొట్లమీది తెలుగు బోర్డులు ఒక్కొక్కటే దిగిపోతున్న రోజులవి. ఆ అక్షరాలు తెర మీదికి ఎలా ఎక్కాయో అని మా ఆవిణ్ణి పిలిచి చూపించాను. ఆవిడ చేతి పిండి కడుక్కుని వచ్చి, నిలబడి, పైకి చదివింది. "కొత్తది. తెరువు. భద్రపరచు." తర్వాత, "ఇది మన పెట్టేనా?" అని అడిగింది.

ఆనాటినుంచి నడిమి అర కుడి చివర, నాన్న ముతక తాను ఉండిన జాగాలో, రెండు యంత్రాలు పెట్టాను. రెండింట్లోనూ ఆ ఉచిత సిస్టమే. ఒకదాని తెర ఒడియాలో, ఒకదాని తెర తెలుగులో. కొట్టు తెరిచినప్పటినుంచి మూసేదాకా వెలుగుతూ ఉండేవి.

అవి విరివిగా అమ్ముడయ్యాయని అబద్ధం చెప్పను. కొన్నవాళ్ళలో చాలామంది, ధర తక్కువని నా దగ్గర కొని, ఎదురు సందులో ఇంకొకడి దగ్గరికి వెళ్ళి, పెద్ద కంపెనీ సిస్టం దొంగకాపీ ఎక్కించుకునేవారు. ఒక కాలేజీ మేష్టారు నా కొట్లో నిలబడి, "అది డబ్బు లేనోళ్ళకి లెండి" అన్నారు. ఆ రోజు ఆయన వేసుకున్న చొక్కా గళ్ళు ఎలాంటివో ఇప్పటికీ చెప్పగలను.

అడిగేవాళ్ళు మాత్రం ఉన్నారు. ముఖ్యంగా ఒకావిడ. పొలసరలో ఒక చిన్న బడిలో టీచరు, మన తెలుగావిడే. ఎవరో దానంగా ఇచ్చిన మూడు పాత కంప్యూటర్లు బడిలో మూల పడి ఉన్నాయని, ఒకదాన్ని బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది.

"అన్నయ్యగారూ, ఇది తెల్లారి మీట నొక్కితే మద్దేన్నానికి లేస్తంది. బాగవుతాదేటి?" అంది.

పాత పెట్టెకి పెద్ద కంపెనీ సిస్టం బరువు మోయడం కష్టం. ఉచితమైనది తేలిక. నేను ఎక్కించి ఇచ్చాను. ఆవిడ మెనూ ఒడియాలో చదివి, తెలుగులోకి మార్చి చదివి, మళ్ళీ ఒడియాలోకి మార్చింది. అలా అయిదారుసార్లు చేసింది. వారం తర్వాత మిగతా రెండూ తెచ్చింది. ఆ తర్వాత ఏటా వేసవి సెలవుల ముందు వచ్చేది. మూడో మెట్టు మీద నిలబడి, నడిమి అర కుడి చివర చూసి, "ఉన్నాయి" అని తనలో తాను అనుకుని, అప్పుడు లోపలికి వచ్చేది. "మా బడికి ఎప్పటికైనా పది కొంటానండి. అప్పుడు మీ దగ్గరే. మీరు మాత్రం మానీకండి" అనేది.

మాననని చెప్పాను. ఇందులో నా వాటా ఆ మాట. మిగిలినదంతా ఆ మాటకు ఏం జరిగిందన్నదే.

నాలుగేళ్ళ కిందట ఒక ఉదయం మా వీధి అల్లుడు కొట్టుకి వచ్చాడు. మా ఇంటికి మూడో ఇంటి పిల్లని చేసుకున్నాడు. శ్రీకాకుళం వైపు కుర్రవాడు, మాటకారి. పెద్ద కంపెనీ సిస్టం ఉన్న లాప్‌టాప్‌లు సరఫరా చేసే డిస్ట్రిబ్యూటరు దగ్గర, గంజాం జిల్లా అంతా తిరిగే ఉద్యోగం కొత్తగా దొరికింది.

మా వీధి వర్తకుల్లో ఒక ఆచారం ఉంది. వీధి అల్లుడు మొదటిసారి ఎవరి కొట్టు మెట్లెక్కినా ఒట్టిచేతులతో దిగకూడదు. ఏదో ఒక వస్తువు మీద చెయ్యి పెట్టమంటారు. చెయ్యి పెట్టినది అతనిది. బట్టల కొట్లో తువ్వాలు, గిన్నెల కొట్లో చెంబు, మసాలా కొట్లో ఏలకుల పొట్లం. అల్లుళ్ళకీ మర్యాద తెలుసు, చిన్నదాని మీదే చెయ్యి పెడతారు. మా ఆవిడ ముందే ఒక మౌసుని రంగు కాగితంలో చుట్టి బల్ల మీద, అతని చేతికి అందేలా పెట్టింది.

"రండి అల్లుడుగారూ. ఎండన పడి వచ్చినారు, కూకోండి" అన్నాను.

"నన్ను కూకోబెట్టి మర్యాద సేస్తే నా పని ఎవులు సేస్తారు మావయ్యగారూ" అంటూనే కూర్చున్నాడు.

మా ఆవిడ మజ్జిగ ఇచ్చింది. "పని ఎక్కడికీ పోదు బాబూ. మొదటిసారి వచ్చినారు. ఏది కావాలో సెయ్యెట్టండి."

"నిజంగానేటి అత్తయ్యగారూ? సెయ్యెట్టిందల్లా నాదేనా?"

"మా వీధిలో అంతే."

అతను లేచాడు. మౌసు పొట్లం పక్కనుంచి నడిచాడు. మూడో మెట్టు దాకా వెళ్ళి, అక్కణ్ణించి వెనక్కి తిరిగి, కొట్టంతా ఒకసారి చూశాడు. తిరిగొచ్చి నడిమి అర మీద అరచెయ్యి ఆనించాడు. యంత్రం మీద కాదు. చెక్క మీద.

"ఇది" అన్నాడు.

మేం నవ్వాం. పక్క మసాలా కొట్టు పెద్దాయన పొద్దున్నే పేపరు కోసం మా బల్ల దగ్గరే కూర్చుంటాడు, ఆయన ఇంకా పెద్దగా నవ్వాడు. "గట్టోడేరా అల్లుడు. వస్తువు అడగలేదు, సోటడిగినాడు."

"తీసుకోండి బాబూ. మీదే" అన్నాను నేను.

నవ్వుతూ అన్నాను. అయినా అన్నాను. అప్పుడే ఇంకో మాట అని ఉంటే బాగుండేదని నాకు రోజూ తోస్తుంది. కాని కొత్త అల్లుడి చెయ్యి పట్టుకుని అర మీదనుంచి తీయించిన మనిషి మా వీధిలో ఇంతవరకూ పుట్టలేదు.

వారం తిరక్కుండా అతను టేపుతో వచ్చాడు. నాలుగు పేజీల కాగితం, సన్నని ఇంగ్లీషు అక్షరాలు. నడిమి అర మొత్తం మూడేళ్ళపాటు పెద్ద కంపెనీ సిస్టం ఉన్న యంత్రాలకే. నేను చదవకుండానే సంతకం పెట్టాను. అల్లుడు తెచ్చిన కాగితం అతని ఎదుట చదవడం అంటే అనుమానించడమే కదా. నాకు ఒక్క పైసా ఇస్తామని వాళ్ళు అనలేదు, నేనూ అడగలేదు. అర అంచుకి దీపాలు పెట్టారు. వీధి వైపు నీలంరంగు బోర్డు కట్టారు. అందులో కంపెనీ పేరు మూరెడు, నా కొట్టు పేరు వేలెడు.

నా రెండు యంత్రాలూ కింది వరసకి దిగాయి, మోకాళ్ళ దగ్గరికి. అది చాలదన్నారు. నెలకోసారి అల్లుడు వచ్చి అరని ఫోనులో ఫోటో తీసి ఆఫీసుకి పంపాలి. ఫోటోలో వేరే సరుకు ఉంటే ఎర్ర గీత పడుతుంది. ఒకసారి ఫోటో అడుగున నా యంత్రం తెర, అందులో సగం తెలుగు అక్షరం, పడ్డాయట. ఎర్ర గీత వచ్చింది.

"మావయ్యగారూ, మీకు సెప్పడానికి నాకు మొహం లేదు. గీత పడితే నాకు మాట పడతాది. ఆ రెండూ కాస్త లోపల పెట్టీండి. ఫోటో రోజు ఒక్క రోజే" అన్నాడు.

ఒక్క రోజే అన్నాడు కాబట్టి కొట్టు వెనక, గుడ్డ తెర కట్టిన గదిలో పెట్టాను. ఫోటో ఏ రోజు తీస్తాడో ముందు తెలీదు. రెండో నెలనుంచి తీసి మళ్ళీ పెట్టడం మానేశాను. ఏ మాట నాన్న దగ్గర పట్టుకున్నానో ఆ మాట అలా నా చేత్తోనే తెర వెనకకి పోయింది. అతని మీద నాకు కోపం లేదు. అతనికీ ఇల్లుంది, ఆ ఇంట్లో ఉన్నది మా వీధి పిల్ల. కోపం ఆ గీత గీసే వాళ్ళ మీద. వాళ్ళెవరో ఎవరూ చూడలేదు.

అప్పటినుంచే ఉత్తరాలు. అర మొత్తం వద్దు, కుడి చివర రెండడుగులు వదలండి, అక్కడ నా దగ్గరికి అడిగి వచ్చేవాళ్ళ సరుకుంది అని. డిస్ట్రిబ్యూటరుకి మూడు, కంపెనీకి రెండు, సంఘానికి ఒకటి, ఇంకా పై ఆఫీసుకి ఒకటి. భువనేశ్వర్‌లో ఒక హోటల్లో డీలర్ల సభ పెడితే వెళ్ళాను. అందరికీ మెడలో పేర్ల కార్డులు వేశారు. నా కార్డు దొరకలేదు, పక్క జిల్లా డీలరుది, రానివాడిది, ఇచ్చారు. ప్రశ్న అడగడానికి చెయ్యెత్తితే చివర్లో అన్నారు. చివర్లో భోజనాలన్నారు. భోజనాల దగ్గర అడగబోతే, ఆ మెడలోని పేరు చూసి, మీ జిల్లా సమస్య అయిపోయింది కదండీ అన్నారు.

మూడేళ్ళు గడిచాయి. కాగితంలో రాసిన తేదీ గోడ కాలెండరు మీద సున్నా చుట్టి ఉంచాను. ఆ మర్నాడు ఉదయం తెర వెనకనుంచి రెండు యంత్రాలూ తెచ్చి, దుమ్ము తుడిచి, నడిమి అర కుడి చివర పెట్టి, మీట నొక్కాను. రెండూ లేచాయి. మసాలా పెద్దాయన పేపరు దించి చూశాడు. "పుట్టింటికొచ్చినట్టున్నాయిరా" అన్నాడు.

రెండు రోజులే.

మూడో రోజు అల్లుడు వచ్చాడు. చొక్కా రంగు మారింది. సంచీ మీద బొమ్మ మారింది. పాత ఉద్యోగం వదిలేసి, మూడో సిస్టం వాళ్ళ దగ్గర చేరాడు. ఈ మూడోది ఇంటర్‌నెట్‌తోనే పనిచేసే చవక లాప్‌టాప్‌లలో వచ్చేది, పెద్ద కంపెనీకి పోటీగా బళ్ళలోకి చొరబడుతున్నది. అతను మజ్జిగ తాగాడు. లేచి, నడిమి అర మీద చెయ్యి పెట్టాడు. మొదటిసారి పెట్టిన చోటే.

"కంపెనీ మారినాను మావయ్యగారూ. అర మారకూడదు."

"మూడేళ్ళు అయిపోనాయి గదా బాబూ" అన్నాను.

"కాగితం అయిపోయింది. మీరు నాకు కాగితమ్మీద ఇచ్చినారేటి? సెయ్యెట్టిందల్లా నాదే అన్నారు. అత్తయ్యగారు సాచ్చీకం."

మా ఆవిడ నా వైపు చూసింది. నేను పెద్దాయన వైపు చూశాను. ఆయన పేపరు మడిచాడు.

"నాను సెప్పీది నీకు నచ్చదు" అన్నాడు. "అల్లుడికి ఇచ్చినది తిరిగి అడక్కూడదు. నీ బాబూ అడగడు, నా బాబూ అడగడు."

"నేను అడగడం లేదు బాబాయ్. రెండడుగులు ఉంచుకుంటానంటున్నాను."

"సెంబిచ్చినాక అందులో గుక్కెడు నీళ్ళు నావంటే బాగుంటాదేటి?"

మా ఆవిడ మెల్లిగా అంది. "మీరే అన్నారు గదండీ, మీదేనని."

ఆ వారమే రెండోవాడు దిగాడు. పెద్ద కంపెనీ సరుకు డిస్ట్రిబ్యూటరు పంపిన కొత్త మనిషి, ఒడియా అబ్బాయి, మనం అండీ అన్నట్టు ప్రతి మాటకీ ఆగ్యా అంటాడు. కాగితం నాలుగో పేజీ తీసి చూపించాడు. గడువు ముగియడానికి నెల ముందు నోటీసు రాసివ్వకపోతే ఒప్పందం ఇంకో మూడేళ్ళు దానంతటదే సాగుతుందట.

"నేను మీ ఆఫీసులకి ఆరు ఉత్తరాలు రాశాను. అర వదలమనే కదా రాసింది" అన్నాను.

అతను ఫోనులో వెతికాడు. నా ఉత్తరాలు నిజంగానే ఉన్నాయి.  మొదటిసారి తెలిసింది అవి ఎవరికో అందాయని. అతను వాటిని ఓపికగా పైకీ కిందికీ జరిపి చూశాడు.

"ఇవి ఫిర్యాదులు ఆగ్యా. నోటీసు కాదు. నోటీసుకి వేరే ఫారం ఉంది" అన్నాడు.

చెయ్యిపెట్టిన అల్లుడు ఒకవైపు, కాగితం పట్టుకున్న అబ్బాయి ఒకవైపు. నా అర కోసం వాళ్ళిద్దరూ తగువు పడతారని, ఆ తగువులో నాకు ఏదో దారి దొరుకుతుందని అనుకున్నాను. వాళ్ళు పడలేదు. ఇద్దరూ సందు మొగలో టీ తాగి వచ్చారు. ఆ పావుగంటలో ఏం మాట్లాడుకున్నారో, మధ్యకి ఒక చెక్కపట్టీ పెడదామన్నారు. ఎడమ సగం పెద్ద కంపెనీది, కుడి సగం అల్లుడి కొత్త కంపెనీది. కొలవడానికి అల్లుడు జేబులోంచి టేపు తీశాడు.

"మావయ్యగారూ, ఆ కొస కాస్త పట్టుకోండి" అన్నాడు.

పట్టుకున్నాను. నాన్న ముతక తాను ఉండిన చివర నిలబడి నేనే టేపు కొస పట్టుకున్నాను. వద్దని టేపు వదిలెయ్యాలని ఆ క్షణంలో నాకు తట్టలేదు. తట్టినా వదిలేవాణ్ణో లేదో. రెండు యంత్రాలూ తెర వెనకకి వెళ్ళాయి.

ఆ తర్వాత నాలుగు ఉత్తరాలు రాశాను. ఈసారి రెండు కంపెనీల వాళ్ళకీ. అడిగింది ఒకటే ప్రశ్న. దానికి వచ్చిన జవాబులు మొదటే చెప్పాను.

ఆ మూడేళ్ళూ టీచరమ్మ ముందు ఫోను చేసి వచ్చేది, ఆ గంటసేపు రెండింటినీ కుడి చివర తెచ్చిపెట్టేవాణ్ణి. ఈసారి వేసవి సెలవుల ముందు ఆవిడ రాలేదు. ఎదురుచూశాను. చివరికి నేనే ఫోను చేశాను.

"వచ్చినానండి అన్నయ్యగారూ" అంది.

"ఎప్పుడమ్మా?"

"పది రోజులైంది. దాతలు పది కంప్యూటర్లకి ఒప్పుకున్నారని నేనే సెబ్దామని వచ్చినాను. మెట్ల మీద నించుని సూసినాను. అరలో లేవు."

"లోపలున్నాయమ్మా. తెర వెనక."



"నాకేటి తెలుసండి. మీరు అటు తిరిగి దీపాలకి తీగలేవో కడుతున్నారు. అడుగుదామనుకున్నాను. మానీసినారేమో, అడిగితే సిన్నబోతారేమో అని ఎల్లిపోయినాను."

ఆ రోజు నాకు బాగా గుర్తు. వాళ్ళ దీపం ఒకటి ఆరిపోతే, ఫోటోలో నల్లగా పడకూడదని బాగుచేస్తున్నాను. మా ఆవిడ, "ఎవులో గొడుగు పట్టుకుని నించున్నారు, ఎల్లిపోయినారు" అంది. నేను తల తిప్పలేదు.

పది యంత్రాలూ పాత బస్టాండు దగ్గర ఇంకో కొట్లో కొంది. అక్కడా కంటికి ఎదురుగా అల్లుడి కంపెనీవే ఉన్నాయి మరి. నేను వారం ఆగి పొలసర బస్సెక్కాను. ఒళ్ళో నా రెండు యంత్రాలు. బడిలో పదీ వరసగా బల్లల మీద ఉన్నాయి, కొత్తవి, అందమైనవి. వాటిని తప్పుపట్టను. నెట్ ఉంటే బాగానే పనిచేస్తాయి. ఆ బడికి నెట్ ఎప్పుడొస్తుందో, ఎంతసేపుంటుందో ఎవరికీ తెలీదు. పిల్లలు తెరల ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు. తెర మధ్యలో చిన్న చక్రం తిరుగుతోంది. టీచరమ్మ గడియారం చూసి, "పుస్తకాలు తియ్యండర్రా" అంది. వాళ్ళు అలవాటుగా తీశారు.

"ఇవి ఉంచుకోండమ్మా. నెట్ లేకపోయినా పనిచేస్తాయి" అని నా రెండూ చూపించాను.

ఆవిడ ఒక యంత్రం తెరిచింది. తెలుగు వచ్చింది. ఒడియా వచ్చింది. మూసింది. దాతలు ఇచ్చిన జాబితా గోడకి అంటించి ఉంది. అందులో లేని యంత్రం ఆ గదిలో పెట్టకూడదు. తనిఖీకి వస్తారట. ఫోటో తీస్తారట.

"ఏటనుకోకండి అన్నయ్యగారూ" అంది. "పాత మూడూ కూడా పట్టుకెల్లిపోయినారు."

ఏమీ అనుకోలేదని చెప్పాను. రెండు యంత్రాలూ మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని బరంపురం బస్సెక్కాను.

ఇంతే జరిగింది. ఇందులో నేనెవరినీ దొంగ అనడం లేదు. నా తప్పు నేను దాచలేదు కూడా. నా ప్రశ్న నాలుగు ఉత్తరాల్లో రాసినదే, మళ్ళీ రాస్తున్నాను. నాలుగేళ్ళ కిందట ఒక ఉదయం, మజ్జిగ తాగి, ఒక మనిషి నా అర మీద చెయ్యి పెట్టాడు. నేను తీసుకోమన్నాను. నేనిచ్చింది ఎవరికి? మా వీధి అల్లుడికా? అతనికైతే, కాగితం ఉన్నవాళ్ళు తమ యంత్రాలు తీసి పట్టుకెళ్ళాలి. అతణ్ణి పంపిన ఆఫీసుకా? ఆఫీసుకైతే, వీధి అల్లుడికి నేనింకా ఏమీ ఇవ్వనట్టే. అతని వంతు మౌసు రంగు కాగితంలో చుట్టి నా సొరుగులో ఉంది, వచ్చి తీసుకుని, తన సగం ఖాళీ చెయ్యాలి. ఇద్దరికీ అంటే కుదరదు. ఒక చెంబు ఇద్దరల్లుళ్ళకి ఎవరూ ఇవ్వరు, మసాలా పెద్దాయన్ని అడగండి. ఏది చెప్పినా అరలో ఒక సగం నాకు రావాలి. ఆ సగంలో నాకు కావలసింది రెండడుగులు.

మార్కులు వేయమని ఫోను చెయ్యకండి. ధన్యవాదాలు వద్దు. ఫారం పంపకండి. కొట్టు ఉదయం తొమ్మిదిన్నరకి తెరుస్తాను. మీలో ఎవరో ఒకరు, సొంత పేరున్న మనిషి, ఆ మూడు మెట్లెక్కి, నా మొహం చూసి, అది ఎవరిదో చెప్పండి.